దీనబంధు ఆండ్రూస్: చెరకుతోటల నుండి ఉక్కునగరము వరకు

మనుష్యుని సంతలో అమ్ముటయు, కొనుటయు చట్టవిరుద్ధమైనంత మాత్రమున దాస్యము లోకమునుండి తొలగిపోలేదు. ఆంగ్ల సామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేయు చట్టము 1833లో వెలువడెను. అది అమలునకు వచ్చిన 1834వ సంవత్సరముననే భారతదేశపు కూలీలను మారిషస్ దీవికి ఓడలలో తరలించుట మొదలయ్యెను. బానిస విడిచిన పారను ఒడంబడిక కూలీ చేపట్టవలసివచ్చెను. యజమాని తోటలు చెడలేదు, ఆదాయము తగ్గలేదు. పనివాని పేరు మాత్రము మారెను. ఈ రెండవ దాస్యమును రూపుమాపుటకు పూనుకొని, ఆ పిమ్మట అదే తూనికరాతితో భారతదేశమునందలి స్వదేశ పరిశ్రమలను సైతము తూచిన మహనీయుడు చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్. జంషెడ్పూరు కార్మిక చరిత్రలో ఆయన పేరు చిరస్థాయిగా నిలిచినది. కూలికై కడలి దాటినవారిలోను, కూలికై ఉక్కునగరము చేరినవారిలోను తెలుగువా రున్నందున ఆయన చరిత్ర మనకు రెండు విధముల ఆత్మీయమైనది.

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండునందలి న్యూకాసిల్ నగరమున జన్మించెను. బాల్యము బర్మింగ్‌హామ్‌లో గడచెను. తండ్రి మతబోధకుడు. తల్లికి సంక్రమించిన ఆస్తిని, నమ్మిన మిత్రుడొకడు సట్టా వ్యాపారమున పోగొట్టగా కుటుంబము పేదరికము పాలయ్యెను. ఆనాటి రాత్రి తండ్రి ఆ మిత్రుని నిందింపక, అతని మేలు కోరియే భగవంతుని ప్రార్థించెనట. ఆ దృశ్యము బాలుని హృదయమున చెరగని ముద్రవేసెను. అన్యాయమును క్షమింపకుండుట, అన్యాయము చేసినవానిని ద్వేషింపకుండుట అను రెండు గుణములును ఆయనయందు కడవరకు జోడుగా నిలిచినవి.

విద్యార్థి వేతనములతో చదువుకొని, 1890లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పెంబ్రోక్ కళాశాల చేరెను. అచ్చట ఆయన వ్రాసి బహుమతి గైకొన్న వ్యాసము మూలధనమునకును, శ్రమకును గల సంఘర్షణయందు క్రైస్తవధర్మము చూపవలసిన మార్గమునుగూర్చినది. అది 1896లో గ్రంథముగా వెలువడెను. గ్రంథము వ్రాసి ఊరకుండుట ఆయన స్వభావము కాదు. సండర్లాండు ప్రాంతమున ఓడలు కట్టు పనివారి నడుమను, పిదప దక్షిణ లండనులోని వాల్వర్త్ పేటలో నిరుపేదల నడుమను కాపురముండి సేవచేసెను. పనిలేని దినమున కూలివాని యింట పొయ్యి వెలుగదను సత్యమును ఆయన పుస్తకములందు కాక ఆ యిరుకు వీథులలోనే నేర్చుకొనెను.

1904 మార్చి 20వ తేదీన ఆండ్రూస్ బొంబాయి రేవున దిగెను. ఆ దినమును తన రెండవ జన్మదినముగా ఆయన యావజ్జీవము భావించుచుండెడివాడు. ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఆ కళాశాల ప్రధానాచార్య పదవి ఖాళీ అయినప్పుడు, తెల్లవాడే యుండవలెనను వాదమును త్రోసిపుచ్చి, భారతీయుడైన సుశీల్‌కుమార్ రుద్రకు ఆ పదవి దక్కునట్లు పట్టుబట్టినవారిలో ఆండ్రూస్ ముఖ్యుడు. 1912లో లండనులో రవీంద్రనాథ ఠాకూరు పరిచయము లభించెను. ఆ స్నేహమే ఆయనను శాంతినికేతనమునకు చేర్చెను.

గోపాలకృష్ణ గోఖలే ప్రేరణచే ఆండ్రూస్, తన మిత్రుడు పియర్సన్‌తో కలిసి 1914 జనవరిలో దక్షిణాఫ్రికా వెళ్లెను. దర్బాను రేవున దిగినంతనే గాంధీ పాదములను తాకి నమస్కరింపగా అచ్చటి తెల్లవారు విస్తుపోయిరి. దక్షిణాఫ్రికాలోని నేటాలు రాష్ట్రమునకు మద్రాసు నుండి మొదటి కూలీల ఓడ చేరినది 1860 నవంబరులో. అరవవారితోపాటు తెలుగువారును అందుండిరి. గడువు ముగిసిన కూలీ స్వతంత్రుడై వ్యవసాయమో, వర్తకమో చేసికొనుట తోటల యజమానులకు కంటగింపయ్యెను. అందుచే తిరిగి ఒడంబడికలో చేరనివాడును, స్వదేశమునకు మరలనివాడును ఏటేట మూడు పౌనుల పన్ను కట్టవలెనని నేటాలు ప్రభుత్వము శాసించెను. నెల కూలి పౌనునకు మించని పేదకు ఆ పన్ను సంకెలయే. సత్యాగ్రహ ఫలితముగ 1914లోనే అది రద్దయ్యెను. అచ్చట తోటనుండి పారిపోయివచ్చిన కూలీ యొకని వీపుపైని దెబ్బలను ఆండ్రూస్ కన్నులార చూచెను. ఆ వీపును ఆయన మరువలేకపోయెను.

1915లో కలరా సోకి మృత్యుముఖమునుండి బయటపడిన ఆండ్రూస్, కోలుకొనుచునే ఫిజీ దీవుల కూలీల స్థితిని స్వయముగా చూడ నిశ్చయించెను. ఆ సంవత్సరము చివర పియర్సన్‌తో కలిసి ఫిజీ చేరెను. 1879 మొదలు 1916 వరకు ఆ దీవులకు చేరిన భారతీయ కూలీల సంఖ్య 60 వేలకు పైబడినది. 1903 నుండి మద్రాసు రేవునుండియు ఓడలు సాగినవి. అందు వెళ్లిన సుమారు 15 వేలమందిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారు గణనీయముగా నుండిరి. ఒడంబడికకు ఆంగ్లమున గల పేరును పలుకలేక కూలీలు దానిని గిర్మిట్ అనిరి. ఐదేండ్ల కాలము నిర్దేశించిన తోటలో పనిచేయవలెను; పురుషునికి దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలి. అదియు నియమించిన కొలత పని పూర్తిచేసినప్పుడే.

గిర్మిట్‌లోని విషము కూలి తక్కువగుటయందు మాత్రమే లేదు. పనికి రాకుండుట అచ్చట నేరము. సామాన్య వ్యవహారమున మాట తప్పినవాడు నష్టపరిహార మిచ్చుకొనును. గిర్మిట్ కూలీ జైలునకు పోవలసియుండెను. యజమాని నచ్చకున్న విడిచిపోవు స్వేచ్ఛ అతనికి లేదు. నూర్గురు పురుషులకు నలువదిమంది చొప్పున స్త్రీలను తరలించు ఏర్పాటువలన సంసారములు భగ్నమైనవి. హత్యలు, ఆత్మహత్యలు పెచ్చుపెరిగినవి. స్వదేశముతో పోల్చినచో ఆత్మహత్యలు అచ్చట అనేక రెట్లు అధికము. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పుగల గదులలో ముగ్గురేసి పురుషులో, ఒక కుటుంబమో తలదాచుకొను పాత కూలీ లైన్లను ఆండ్రూస్ చూచెను. వంటయు, పడకయు అందే.

1916లో వారిరువురు ప్రకటించిన నివేదిక దేశమును కలచివేసెను. అదే సంవత్సరము మార్చిలో మదనమోహన మాలవ్య కేంద్ర శాసనసభలో గిర్మిట్ రద్దుకై తీర్మానము ప్రతిపాదింపగా వైస్రాయి హార్డింజి ప్రభువు అంగీకరించెను. అయినను వేరొక ఏర్పాటు కుదురువరకు మరికొన్ని యేండ్లు కూలీల సేకరణ సాగునని తెలియవచ్చెను. ఆండ్రూస్ ఊరూర తిరిగి సభలు జరిపెను; పత్రికలకు వ్రాసెను. స్త్రీలు ప్రతినిధివర్గముగ వైస్రాయిని కలిసిరి. 1917 మార్చిలో ప్రభుత్వము సేకరణను నిలిపివేసెను. ఆండ్రూస్ ఆ సంవత్సరమే తిరిగి ఫిజీ వెళ్లి, మిగిలినవారి విడుదలకై కృషిచేసెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలోని తుది ఒడంబడికలును రద్దయినవి. దీనబంధువను బిరుదు ఆయనకు ఏ సర్కారు ఇచ్చినదియు కాదు, దీనులే ఇచ్చినది.

కడలి ఆవలి గిర్మిట్ పోయెనుగాని, స్వదేశమున దాని ఛాయ మిగిలియేయుండెను. బయానా తీసికొని పని మానిన కూలీని శిక్షించుటకు 1859లో ఏర్పడిన చట్టము భారతదేశమున 1926 వరకు అమలులో నుండెను. 1921లో అస్సాము తేయాకు తోటల కూలీలు వేలకొలది తోటలు విడిచి స్వగ్రామములకు కాలినడకన బయలుదేరిరి. చాంద్‌పూరు రైలుస్టేషనులో చిక్కుకొన్న ఆ నిరుపేదలను మే నెలలో ఒక రాత్రి గూర్ఖా సిపాయిలచే కొట్టించి తరిమివేసిరి. పిమ్మట కలరా వ్యాపించెను. ఆండ్రూస్ అచ్చటికి పరుగెత్తి, రోగుల మధ్య తిరుగుచు శుశ్రూష చేసెను. వారిని ఇండ్లకు చేర్చుటకు రైలు ఖర్చు భరింపుమని ప్రభుత్వమును వేడుకొనెను. యజమానులకు, కూలీలకు గల తగవులో తాము తటస్థులమని అధికారులు బదులిచ్చిరి. బలవంతుడును, బలహీనుడును పోరాడుచుండగా తటస్థుడు నిలుచునది బలవంతుని పక్షముననే యని ఆండ్రూస్ గ్రహించెను.

ఇట్టి అనుభవముతో ఆయన జంషెడ్పూరు వ్యవహారమున ప్రవేశించెను. సువర్ణరేఖా, ఖర్కాయి నదుల సంగమమున, సాక్చి అను పల్లె వద్ద, 1907లో స్థాపితమైన టాటా కంపెనీ కర్మాగారము నిర్మించెను. 1911 డిసెంబరులో తొలి ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు వెలువడినవి. 1919 జనవరిలో వైస్రాయి చెమ్సుఫర్డు ప్రభువు ఆ పట్టణమునకు జంషెడ్జీ టాటా పేరిట జంషెడ్పూరు అని నామకరణము చేసెను. బెంగాల్ నాగపూర్ రైలుమార్గము వెంట బీహారీలు, వంగీయులు, ఒరియాలు, పంజాబీలు వచ్చిరి; గంజాము, విశాఖపట్టణము సీమల తెలుగువారును వచ్చిరి. ఆ నేలకు ఆదినుండి హక్కుదారులైన సంతాలు, హో జాతులవారు మట్టిపనిలోను, మోతపనిలోను కుదిరిరి. గంపలు మోయు స్త్రీలను అచ్చట రేజాలందురు.

ఈ కర్మాగారము ఫిజీ చెరకుతోట వంటిది కాదు. 1912లోనే అచ్చట ఎనిమిది గంటల పనిదినము ఏర్పడెను. 1920లో ప్రావిడెంటు ఫండు, వేతనముతో కూడిన సెలవులు మంజూరైనవి. ఆసుపత్రి, పాఠశాల, మంచినీరు కలవు. స్వదేశీయుల మూలధనముతో వెలసిన సంస్థ; దేశమున కది గర్వకారణము. అయినను 1920 ఆరంభమున ధరల పెరుగుదలకు తాళలేక కార్మికులు సమ్మెకు దిగిరి. పోలీసుల కాల్పులలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆ సంక్షోభమునుండియే జంషెడ్పూరు లేబరు అసోసియేషను పుట్టెను. 1922లో నెలదినములకు పైగా మరల సమ్మె సాగెను. కంపెనీ ఆ సంఘమును గుర్తింప నిరాకరించెను. సంఘ కార్యదర్శియైన సేఠీని పనినుండి తొలగించెను.

ఇంతలో యుద్ధానంతరము విదేశపు చౌక ఉక్కు వెల్లువై కంపెనీ కుప్పకూలు స్థితికి వచ్చెను. దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తిని, భార్య నగలను సైతము బ్యాంకున కుదువపెట్టి సంస్థను నిలిపెను. 1924లో కేంద్ర శాసనసభ ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టమును ఆమోదించి విదేశపు ఉక్కుపై సుంకము హెచ్చించెను. ఈ సుంకము భారము ఎవరిపై పడును? రేకులు, నాగటి కర్రులు కొను సామాన్య ప్రజలపైననే. ప్రజల సొమ్ముతో నిలుచు పరిశ్రమ తన కార్మికులకు ఏమి హామీ యిచ్చుచున్నదని ఎన్. ఎం. జోషి, చమన్‌లాల్ వంటి సభ్యులు సభలో నిలదీసిరి. చిత్తరంజన్ దాసుతోపాటు ఆండ్రూస్ కూడ రాజీ ప్రయత్నములలో పాల్గొని, లేబరు అసోసియేషనునకు అధ్యక్షత వహించెను.

ఆయనకెదురైన ప్రశ్న సులభమైనది కాదు. విదేశీయుని చెరకుతోటను నిందించుట దేశభక్తులందరకు సుకరమే. స్వదేశీ కర్మాగారము విషయమున నోరు విప్పినచో జాతీయ పరిశ్రమకు ద్రోహమను మాట రాకమానదు. కర్మాగారము మూతపడినచో కార్మికుడు వీథిన పడును; అదియు నిజమే. ఆండ్రూస్ పరిశ్రమ నిలువవలెననియే కోరెను. కాని ఇల్లును, నీరును, మందును యజమాని దయగా నిచ్చునంతకాలము అవి యజమాని కోపమున పోవుటయు సాధ్యమే. తన కష్టమును తన సంఘము మూలమున చెప్పుకొను హక్కు కార్మికునకున్నప్పుడే మిగిలిన సౌకర్యములు హక్కులగును. ఫిజీ కూలీకి లోపించినదియు ఆ నోరే. ఆనాటికి కార్మిక సంఘములకు చట్టపు రక్షణ లేదు. ట్రేడ్ యూనియన్ల చట్టము 1926లో గాని రాలేదు. కనుక గుర్తింపు కొరకు యజమాని మనస్సాక్షిని తట్టుట తప్ప వేరు మార్గము కానరాలేదు.

ఆండ్రూస్ కోరికపై గాంధీ మహాత్ముడు 1925 ఆగస్టులో జంషెడ్పూరు వచ్చెను. కర్మాగారమును చూచి, కార్మికులతోను, కంపెనీ అధిపతులలో నొకడైన ఆర్. డి. టాటాతోను మాటలాడెను. మూలధనము, శ్రమ ఒకే కుటుంబమువలె మెలగవలెనని సభలో బోధించెను. తత్ఫలితముగ కంపెనీ అసోసియేషనును గుర్తించెను. సేఠీని తిరిగి పనిలోనికి తీసికొనెను. సంఘపు చందాను జీతములనుండి మినహాయించి సంఘమునకు చేర్చుటకు సమ్మతించెను. రక్తపాతము లేక, ఒక్క దినపు కూలి పోక లభించిన విజయమది.

ఆ విజయమునందే ఒక బలహీనతయు దాగియుండెను. చందా కచేరీలోనే వసూలగుచుండుటచే సంఘనాయకులు కార్మికుల గుమ్మము తొక్కవలసిన అవసరము తగ్గెను. అధ్యక్షుడైన ఆండ్రూస్ జంషెడ్పూరున స్థిరనివాసి కాడు. ఆఫ్రికాకు, అస్సామునకు, శాంతినికేతనమునకు నడుమ ఆయన కాలము పంచబడియుండెను. 1928లో ఖర్చు తగ్గించు నెపమున పనివారి సంఖ్య కుదింపబడగా సమ్మె, లాకౌటు చెలరేగి నెలల తరబడి సాగినవి. ఆ సంవత్సరము నడుమ ఆండ్రూస్ పాశ్చాత్య దేశములకు వెళ్లియుండెను. మాణెక్ హోమీ నాయకత్వమున కార్మికులలో పెక్కురు పాత సంఘమును విడిచిరి. సుభాష్ చంద్ర బోసు అసోసియేషను అధ్యక్షుడై సెప్టెంబరులో ఒడంబడిక కుదిర్చెను. 1930 దశకము ద్వితీయార్ధమున అబ్దుల్ బారీ ఆ సంస్థకు తిరిగి జీవముపోయగా, టాటా వర్కర్స్ యూనియను అను పేరిట అది కొనసాగెను. పైనుండి దిగివచ్చిన హక్కును క్రిందనున్నవారు తమ ఐకమత్యముచే నిలుపుకొనవలసియుండునని ఈ చరిత్ర తెలుపుచున్నది. కార్మికులు ఈ పాఠమును నేర్చుకొనుటకు ముందు, సంఘమను వస్తువొకటి ఉక్కునగరమున బ్రతికియుండవలెను గదా! దానిని కష్టకాలమున బ్రతికించిన పుణ్యము ఆండ్రూస్‌ది.

అదే రైలుమార్గమున, ఖరగ్‌పూరు కేంద్రముగా, మన తెలుగువాడైన వరాహగిరి వెంకటగిరి రైల్వే కార్మికులను సంఘటితపరచుచుండెను. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన గిరి, 1969లో రాష్ట్రపతి అయ్యెను. కూలివాని పక్షమున నిలిచిన వ్యక్తి దేశపు ప్రథమ పౌరుడగుట, గిర్మిట్ నాటి భారతీయులకు ఊహకందని సంగతి.

ఆండ్రూస్ ఆడంబర మెరుగడు. ఖద్దరు ధరించి తిరుగుచు, ఎదుటివానికి చలి వేసినచో తన కంబళి యిచ్చివేసి వచ్చెడివాడు. పెండ్లి చేసికొనలేదు, ఇల్లు కట్టుకొనలేదు, ధనము కూడబెట్టలేదు. 1936లో మూడవ పర్యాయము ఫిజీ దర్శించెను. ఒకనాటి గిర్మిట్ కూలీల సంతానము అప్పటికి పొలములు కౌలుకు చేయుచు, బిడ్డలను చదివించుకొనుచుండుట ఆయన చూచెను. 1940 ఏప్రిల్ 5వ తేదీన కలకత్తాలో శస్త్రచికిత్సానంతరము కన్నుమూసెను. ఆ నగరమునందలి లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. శతజయంతి సందర్భమున 1971లో భారత తపాలాశాఖ ఆయన పేరిట తపాలాబిళ్ళ వెలువరించెను.

ఆయన మరణించిన పదేండ్లకు అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిచాకిరిని నిషేధించెను. కాంట్రాక్టు కూలీల రక్షణకు 1970లో చట్టము వచ్చెను. వెట్టి కార్మికుల విముక్తికి, స్త్రీ పురుషులకు సమాన వేతనమునకు 1976లో చట్టములు వచ్చినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఇన్ని చట్టములు అవసరమగుటయే, ఆండ్రూస్ ఎదుర్కొన్న వ్యాధి ఎంత మొండిదో తెలుపుచున్నది. క్రొత్తగా కన్నుతెరచిన దేశమునకు కర్మాగారములు, ఆనకట్టలు, రహదారులు త్వరితముగ కావలెను. ఆ త్వరలో వానిని కట్టువాని కొలతలు మరుగున పడును. కొలిమిలో కరగిన ఉక్కు ఎన్ని టన్నులో లెక్కించు దేశము, కొలిమి యెదుట నిలుచువానికి పని విడిచిపోవు స్వేచ్ఛయు, తన మాట చెప్పుకొను తావును కలవో లేవో కూడ లెక్కింపవలయును. ఉద్యోగమునకు క్రమముగ జీతము, సెలవు, ఫించను పొందుచున్న కుటుంబములు ఈ దీనబంధువును ఏటికొక్కమారైనను తలచుకొని, ఆయన కథను పిల్లలకు చెప్పుట సముచితము.